పక్క తడిపే పిల్లవాడితో ఊరికి వెళ్లాలంటే

మా అబ్బాయికి పదకొండేళ్లు. వారంలో రెండు మూడు రాత్రులు పక్క తడుపుతాడు. ఇది రాసేముందు వాడిని అడిగాను. "నా పేరు రాయకపోతే చాలు నాన్నా" అన్నాడు.

ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో సెలవులు దగ్గరపడుతుంటే గుబులు మొదలవుతుంది. తిరుపతి వెళ్దామని ఎవరైనా అంటే తల్లీ తండ్రీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, పిల్లవాడు తల దించుకుంటాడు. చివరికి "ఈసారికి వద్దులే" అని ఊరుకుంటారు. మేమూ ఏడాదిన్నర పాటు అలాగే ఇంట్లో కూర్చున్నాం. ఇప్పుడు వెళ్తున్నాం. ఎలా వెళ్తున్నామో చెబుతాను.

2024 ఫిబ్రవరిలో, వాడికి తొమ్మిదేళ్లప్పుడు, మేడారం జాతరకు వెళ్లినప్పుడు మాకు ఈ జాగ్రత్తలేవీ తెలియవు. ఒకే గుడారంలో పద్నాలుగు మందిమి వరసగా పడుకున్నాం. రాత్రి చలిగా ఉంది. చలిలో మూత్రం ఎక్కువగా తయారవుతుందని నాకు తర్వాత తెలిసింది. కింద పరిచింది మా వరంగల్ కొత్తవాడలో నేసిన పెద్ద జంపఖానా. తెల్లవారుజామున తడి, పక్కనే పడుకున్న మావాడి పెదనాన్న పంచె దాకా పాకింది. బరువైన నూలు కదా, మర్నాడు సాయంత్రానికి కూడా ఆరలేదు. బంధువు ఒకాయన అందరూ వినేలా "ఇంత పెద్దవాడివయ్యావు, ఇంకా ఇదేమిట్రా" అని నవ్వాడు. ఆ రోజు మావాడు జంపన్నవాగులో దిగలేదు. అమ్మవార్ల బంగారం అని బెల్లం ముక్క చేతిలో పెడితే పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు, తినలేదు. ఆ పిడికిలి నాకు ఇప్పటికీ కనబడుతుంది.

ఊరికి తిరిగి రాగానే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. రాత్రిపూట మూత్రం తయారీని తగ్గించే హార్మోను కొందరు పిల్లల్లో సరిపడా ఊరదని, వాళ్ల నిద్ర ఎంత గాఢంగా ఉంటుందంటే మూత్రాశయం నిండిన కబురు అందినా మెలకువ రాదని ఆయన చెప్పారు. ఇందులో బద్ధకం లేదు, మొండితనం లేదు. తిడితే తగ్గేదీ కాదు. పదేళ్ల వయసులో నూటికి దాదాపు ఐదుగురు పిల్లలకు ఇలా ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్నప్పుడు ఉండి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి నలభై పైమాటే.

నాకు ఉండేది. ఆ రాత్రి వాడికి నా సంగతి చెప్పాను. మా అమ్మ తెల్లవారకముందే లేచి, మా బాపుకు కూడా తెలియకుండా నా చాప కడిగి గోడకు ఆనించేది. వాడు అంతా విని ఒక్క ప్రశ్న అడిగాడు: "నీకు ఎప్పుడు తగ్గింది?" ఏడో తరగతిలో అన్నాను. "అయితే నాకింకా మూడేళ్లుంది" అని వేళ్ల మీద లెక్క వేసుకుని నిద్రపోయాడు. మీ ఇంట్లో పెద్దలెవరికైనా ఇది ఉండి ఉంటే దాచకండి, పిల్లలకు చెప్పండి.

ఊరు బయలుదేరే ముందు ఒక్కసారి డాక్టర్‌కు చూపించడం ఎందుకంటే, అన్ని తడులూ ఒకటి కావు. ఆరు నెలలకు పైగా పొడిగా పడుకున్న పిల్లలు మళ్లీ తడపడం మొదలుపెట్టినా, విపరీతమైన దాహం వేసి బరువు తగ్గుతున్నా, మూత్రానికి వెళ్లేటప్పుడు మంట ఉన్నా, పగలు కూడా బట్టలు తడుస్తున్నా ఆగకూడదు. మధుమేహమో మూత్రంలో ఇన్ఫెక్షనో కావచ్చు. ఆ పరీక్షలు అయ్యాకే ప్రయాణం మాట.

ఇక నాకు చేతనైన పని. హనుమకొండలో నాది బట్టలు కుట్టే దుకాణం. వాడి కోసం చిన్న బొంత ఒకటి కుట్టాను. పొడవు 40 అంగుళాలు, వెడల్పు 30. పెట్టిన చోట నడుము నుంచి మోకాళ్ల దాకా వస్తుంది. అడుగున మందుల దుకాణంలో దొరికే పలుచని రబ్బరు షీటు, మధ్యలో రెండు మడతల పాత తువ్వాలు, పైన ముదురు రంగు లుంగీ గుడ్డ. రెండు పక్కలా పరుపు కిందికి దోపడానికి 15 అంగుళాల గుడ్డ రెక్కలు. మొదటిదాన్ని మామూలు బొంతలాగే నడిమధ్యన వరసలు వరసలుగా కుట్టాను. సూది దిగిన ప్రతి చోటా రబ్బరుకు రంధ్రం పడి, ప్రతి రంధ్రం నుంచీ చుక్క కారింది. రెండోసారి తువ్వాలునూ లుంగీ గుడ్డనూ మాత్రమే కలిపి కుట్టి, రబ్బరును నాలుగు అంచుల్లో పట్టీ కింద పట్టించాను. మీరు ఏ దర్జీ చేత కుట్టించినా ఈ ఒక్క మాట చెప్పండి: మధ్యలో సూది రబ్బరుకు తగలకూడదు.

కుట్టాక పరీక్షించాలి. పిల్లల మూత్రాశయంలో ఎంత పడుతుందో డాక్టర్లకు ఒక లెక్క ఉంది. వయసుకు ఒకటి కలిపి ముప్ఫైతో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. పదకొండేళ్లవాడికి 360. నేను నేల మీద వార్తాపత్రిక పరిచి, దాని మీద బొంత వేసి, 400 మిల్లీలీటర్ల నీళ్లు మెల్లగా పోసి, మోకాలితో నొక్కి పది నిమిషాలు కూర్చున్నాను. తీసి చూస్తే కాగితం పొడిగా ఉంది. అప్పుడు రెండోది కూడా కుట్టాను.

రెండు ఎందుకంటే, పరుపు మీద ముందు ఒక బొంత, దాని మీద దుప్పటి, దాని మీద రెండో బొంత, ఆపైన ఇంకో దుప్పటి వేస్తాం. అర్ధరాత్రి తడిస్తే పై దుప్పటినీ పై బొంతనూ ఒకేసారి చుట్ట చుట్టి తీసేస్తే కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది. లైటు వేయనక్కర్లేదు. బట్టలు మార్చుకుని మళ్లీ పడుకోవడానికి మావాడికి రెండు నిమిషాలు చాలు. దీన్ని ఇంట్లోనే నాలుగైదు సార్లు చీకట్లో చేయించాను.

మొదటి ప్రయాణం దగ్గరి చోటికే పెట్టుకోండి. మేము నర్సంపేటలో మా చెల్లెలి ఇంట్లో ఒక్క రాత్రి ఉన్నాం. ఎవరికి చెప్పాలన్నది వాడికే వదిలేశాను. "అత్తమ్మకు ఒక్కదానికే చెప్పు, బావకు వద్దు" అన్నాడు. వాళ్ల బావ, అంటే నా మేనల్లుడు, వాడికి ప్రాణ స్నేహితుడు. అయినా చెప్పలేదు. మా చెల్లెలు స్నానాల గది పక్కనున్న గదిలో పక్క వేసింది, అర్ధరాత్రి దాకా వసారాలో లైటు ఉంచింది, మరో మాట మాట్లాడలేదు. పిల్లవాడు వద్దన్న మనిషికి మీరు చెబితే, ఆ తర్వాత ఎంత మంచి బొంత కుట్టినా వాడు మీతో ఊరికి రాడు. మా ఇద్దరికీ ఒక గుర్తు మాట కూడా ఉంది. పొద్దున నలుగురిలో వాడు "నాన్నా, ఛార్జర్ ఎక్కడ పెట్టావు?" అని అడిగితే పక్క తడిసిందని అర్థం. నేను లేచి వెళ్లి సంచి సర్దుతాను.

రైలు వేరే సంగతి. వరంగల్ నుంచి తిరుపతికి రాత్రి రైలులో వెళ్లేటప్పుడు కింది బెర్తు తప్పనిసరి. మధ్య బెర్తులోనో పైదానిలోనో తడిస్తే కిందివాళ్ల మీద కారుతుంది, ఆ అవమానం ఏ పిల్లవాడికీ వద్దు. స్లీపర్ బోగీలో రెగ్జిన్ బెర్తును తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఏసీలో ఇచ్చే దుప్పట్లు వాడకుండా ఇంటి నుంచి ముదురు రంగు దుప్పటి తీసుకెళ్తాం. రైలులో మాత్రం బొంతతో పాటు డైపర్ ప్యాంటు కూడా వేస్తాను. పిల్లల సైజులు చాలకపోతే పెద్దల డైపర్ ప్యాంట్లలో చిన్న సైజు వస్తుంది. వయసు చూసి కొనకండి, టేపుతో నడుము కొలిచి ప్యాకెట్ మీది కొలతతో సరిచూడండి. పైన వదులు నైట్ ప్యాంటు వేస్తే కదిలినప్పుడు చప్పుడు వినిపించదు, ఆకారం తెలియదు. వాడినదాన్ని కాగితంలో చుట్టి, నల్ల కవరులో కట్టి చెత్తబుట్టలో వేయాలి, రైలు మరుగుదొడ్డిలో వేయకూడదు. విజయవాడ దాటాక, దాదాపు అర్ధరాత్రికి, ఒకసారి లేపి తీసుకెళ్తాను. ఇలా లేపడం వల్ల అలవాటు మానదని డాక్టర్ ముందే చెప్పారు. ఆ ఒక్క రాత్రి గడవడానికి పనికొస్తుంది, అంతే.

ప్రయాణాల వరకు వాడుకోవడానికి డెస్మోప్రెస్సిన్ అనే మాత్ర ఉంది. డాక్టర్ రాస్తేనే, ఆయన చెప్పిన మోతాదులోనే వేయాలి. బయలుదేరే రోజున కొత్తగా మొదలుపెట్టకుండా, రెండు వారాల ముందే ఇంట్లో వేసి చూడాలి. మాత్ర వేయడానికి గంట ముందు నుంచి ఆ తర్వాత ఎనిమిది గంటల దాకా నీళ్లు ఒకటి రెండు గుక్కలకు మించకూడదు. ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్న రోజున మాత్ర ఆపేయాలి. మావాడికి సగం రాత్రులు పనిచేసింది, అందుకని బొంత మానలేదు.

తిండి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పగలంతా నీళ్లు బాగా తాగనివ్వండి, సాయంత్రం నుంచి తగ్గించండి. ఎండల్లో నోరు ఎండబెట్టడం తప్పు. రాత్రి టీ, కూల్‌డ్రింకులు వద్దు. సకినాలు పగలే తినేయమనండి, ఉప్పుకు రాత్రి దాహం వేస్తుంది. ప్రయాణంలో మలబద్ధకం వస్తే పేగు మూత్రాశయాన్ని నొక్కి తడి ఎక్కువవుతుంది, కాబట్టి రోజూ జామకాయో అరటిపండో ఉండాలి. పడుకునే ముందు పావుగంట తేడాతో రెండుసార్లు మూత్రానికి పంపండి.

లాడ్జిలో స్నానాల గది లోపలే ఉన్న గది తీసుకోండి. జాగ్రత్తపడ్డా ఎప్పుడైనా పరుపు తడిస్తే దాచిపెట్టి వచ్చేయకండి. పిల్లవాడు పక్కన లేనప్పుడు కౌంటర్‌లో చెప్పి, శుభ్రం చేయించే ఖర్చు ఇచ్చేయండి. మాకు ఒకసారి అలా జరిగింది, అక్కడి మనిషి "ఫర్వాలేదండీ" అని తాళం చెవి తీసుకున్నాడు.

ఉతకడం ఆలస్యం చేస్తే వాసన పట్టుకుంటుంది. ముందు చన్నీళ్లలో జాడించి, ఆ తర్వాత సబ్బు పెట్టండి. ఉతకడానికి వీల్లేకపోతే కాస్త వంట సోడా చల్లి, గట్టిగా మూసుకునే కవరులో పెట్టండి. ఆరేసేటప్పుడు గుడ్డ వైపు ఎండకు, రబ్బరు వైపు నీడకు ఉండాలి. ఎండ తగిలితే రబ్బరు పగుళ్లిస్తుంది.

ఈ ఏడాది జనవరి నెలాఖరున మళ్లీ మేడారం వెళ్లాం. సంచి వాడే సర్దుకున్నాడు: బొంతలు రెండు, ముదురు దుప్పట్లు రెండు, నైట్ ప్యాంట్లు మూడు, నల్ల కవర్లు, టార్చి, వంట సోడా డబ్బా. గుడారంలో వాడికి అంచున, నా పక్కన చోటు ఉంచాను. రెండో రోజు పొద్దున ఛార్జర్ గురించి అడిగాడు. నేను లేచేసరికి పై బొంత అప్పటికే చుట్ట చుట్టి కవరులో ఉంది, వాడు వాగు వైపు వెళ్తున్న పిల్లల వెనక పరుగెత్తుతున్నాడు.