పాత ఫ్లైబార్ హెలితో ఎఫ్3సీ ఎగరేసేది ఎట్లా

అటక మీద రాప్టర్ 50 లాంటి పాత నైట్రో హెలి (మెథనాల్ ఫ్యూయెల్ ఇంజన్‌తో ఎగిరే రిమోట్ హెలికాప్టర్) పడుంది, అమ్మేసి కొత్త ఫ్లైబార్‌లెస్ (పైన రోటర్‌ని నిలకడగా ఉంచే ఫ్లైబార్ అనే అడ్డకడ్డీ లేనిది) తీసుకుందామా అని మన తిరుపతిలోనే ఇద్దరు ముగ్గురు అడిగినారు నన్ను. త్రీడీ, అంటే గింగిరాల విన్యాసాలు, కొట్టాలంటే తీసుకోండి, వద్దనను. ఎఫ్3సీకి, అంటే రిమోట్ హెలిని నిక్కచ్చిగా ఎగరేస్తే జడ్జిలు మార్కులేసే పోటీకి, అయితే ఆ పాత బండే చాలబ్బా. గింగిరాలు కొట్టించి జనాన్ని అదరగొట్టే పని ఇందులో ఏం లేదు, నిలబెట్టిన చోట నిలబడిందా, గీత గీసినట్టు పోయిందా, అంతే చూస్తారు. హెలిలో ఎక్కడా లూజు లేకుండా చేసుకుంటే సగం పనైపోయినట్టే, పవర్ సంగతి తర్వాత.

తెలీనోళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. పైలట్ ముందర నేల మీద 1 మీటరు వెడల్పున్న గుండ్రం, దానికి అటు 5 మీటర్లు ఇటు 5 మీటర్ల దూరంలో జెండాలు. ముందు హోవర్ (గాల్లో ఒకేచోట నిలబెట్టడం) ఐటమ్స్, తర్వాత లూప్, రోల్, స్టాల్ టర్న్ లాంటివి, ఆఖర్లో ఇంజన్ పవర్ లేకుండా దించే ఆటోరొటేషన్. హోవర్లో ఆగమన్న చోటల్లా 2 సెకండ్లు కదలకుండా ఆగాలి. జడ్జిలు మన వెనకాల కూర్చుని ఒక్కోదానికి 10కి మార్కులేస్తారు, అర మార్కు కూడా కోస్తారు. పక్కన ఒక కాలర్ నిలబడి ఐటమ్ పేరు, మొదలు, అయిపోయింది అని గట్టిగా చెప్తాడు.

ఇప్పుడు బండి సంగతి. మొదట హెడ్ (పైన బ్లేడ్లు బిగించి ఉండే భాగం) మొత్తం విప్పేయండి, పైపైన తుడిచి ఎగరేద్దాం అనుకోవద్దు. నా 50 సైజ్ హెలి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నప్పుడు హోవర్లో తోక దాకా వణికేది, బ్లేడ్లు బ్యాలెన్స్ తప్పినాయేమో అని మూడు వారాలు వాటికి టేపులు అంటిస్తా పీకుతా కూర్చున్నా, చివరికి చూస్తే హెడ్ లోపలుండే రబ్బర్ డ్యాంపర్లు ఎండిపోయి చింతగింజల్లా గట్టిపడి ఉన్నాయి. ఎవరి తప్పూ కాదు, ఏళ్ల తరబడి ఎండకీ ఆయిల్‌కీ రబ్బర్ అట్లనే అవుతుంది. కాబట్టి డ్యాంపర్లు చూడటానికి బాగానే ఉన్నా మార్చేయండి. బ్లేడ్ గ్రిప్ (బ్లేడ్ మొదలుని పట్టి ఉంచేది) పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూడండి, టక్ టక్ అంటే బేరింగ్ పోయినట్టే. త్రస్ట్ బేరింగ్ తిరిగి పెట్టేటప్పుడు రెండు వాషర్లలో రంధ్రం పెద్దగా ఉండేది హబ్ (హెడ్ మధ్య భాగం) వైపు రావాలి, తిరగేసి పెట్టేసి గ్రిప్పులు బిగుసుకుపోతున్నాయి అని తల పట్టుకునేవాళ్లు చాలామంది. బాల్ లింకులు ప్లాస్టిక్‌వి కదా, పదేళ్లవి అయితే అన్నీ ఒకేసారి కొత్తవి వేసేయడం మేలు. బ్లేడ్ల వాలు మార్చే పళ్లెం, అదే స్వాష్‌ప్లేట్‌ని వేళ్లతో పట్టుకుని తిప్పితే మెత్తగా తిరగాలి కానీ పక్కకి ఆడకూడదు.

ఫ్లైబార్ రెండు వైపులా పొడవు ఒకటేనా అని వెర్నియర్‌తో కొలవండి, కంటితో చూసి సరిపోయింది అనుకుంటే మోసపోతారు. దాని చివర్లలో ఉండే ప్యాడిల్స్ (చిన్న రెక్కలు) రెండూ ఒకే వాలులో ఉండాలి. త్రీడీ కోసం అమ్మే తేలిక ప్యాడిల్స్ ఉంటే తీసేసి బరువువి వేసుకోండి, సైక్లిక్ (హెలిని ముందుకీ వెనక్కీ పక్కలకీ వంచే కంట్రోల్) కొంచెం నిదానమైపోతుంది, అదే మనకి కావాల్సింది, గాలికి హెలి ఊరికే ఉలిక్కిపడదు.

ఇంజన్ ఏళ్ల తరబడి పక్కన పెట్టింది అయితే వెనక బేరింగ్ తుప్పు పట్టి ఉంటుంది, చేత్తో తిప్పితే గరగరమంటే మార్చాల్సిందే. ట్యాంకు లోపలి ట్యూబు, బయటి ట్యూబు రెండూ మార్చండి, సన్నటి చీలిక ఉన్నా గాలి లాగి ఇంజన్ లీన్ (ఫ్యూయెల్ తక్కువ, గాలి ఎక్కువ) అయిపోతుంది, అది నిడిల్ (ఫ్యూయెల్ ఎంత పోవాలో సరిచేసే మర) తప్పు అనుకుని మనం నిడిల్ తిప్పుతానే ఉంటాం. మూత తీసి పెట్టిన పాత ఫ్యూయెల్ వాడొద్దు, మెథనాల్ గాల్లో తేమ పీల్చేస్తుంది. తోక బెల్ట్‌ని వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. రిసీవర్ బ్యాటరీ కొత్తది, రేడియో 2.4 గిగాహెర్ట్జ్‌ది. ఒక్క జాగ్రత్త, తోకని నిలకడగా ఉంచే జీవై401 జైరోతో వచ్చే ఎస్9254 లాంటి పాత తోక సర్వోలు (కంట్రోల్‌ని కదిపే చిన్న మోటార్లు) 4.8 వోల్టులకే చేసినవి, వాటికి నేరుగా లైపో బ్యాటరీ వోల్టేజీ ఇస్తే కాలిపోతాయి, మధ్యలో వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టుకోవాలి.

సెట్టింగ్స్ విషయానికొస్తే అసలు మార్కులన్నీ ఇక్కడే ఉన్నాయి. నా 50 సైజ్‌కి హోవర్లో హెడ్ స్పీడ్ (రోటర్ నిమిషానికి తిరిగే చుట్లు) 1500 చిల్లర, ఫ్లైట్‌లో 1750 నుంచి 1800 పెట్టుకున్నా. మీ బ్లేడ్లు తట్టుకునేది చూసుకుని పెట్టుకోండి. స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు బ్లేడ్ పిచ్ (వాలు) గేజ్‌తో చూస్తే 5 డిగ్రీలు వచ్చేట్టు, ఆ మధ్య భాగంలో పిచ్ కర్వ్ పడుకున్నట్టు ఉండాలి, అప్పుడు స్టిక్ అర మిల్లీమీటరు కదిలితే హెలి అర అడుగు లేవదు. హోవర్‌కి ఒక ఫ్లైట్ మోడ్, ఏరోబాటిక్స్‌కి ఇంకొకటి, ఆటోరొటేషన్‌కి హోల్డ్ మోడ్ (ఇంజన్ పవర్ తీసేసేది), జైరో గెయిన్ (ఎంత గట్టిగా స్పందించాలనేది) కూడా మోడ్‌కి ఒకటి. హోవర్లో తోక చిన్నగా అటూ ఇటూ ఆడుతుంటే గెయిన్ తగ్గించండి. బ్లేడ్ ట్రాకింగ్ (రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయా అని) చూసేటప్పుడు ఒక బ్లేడ్ చివర ఎర్ర టేపు ఇంకోదానికి నీలం టేపు వేసి దూరం నుంచి చూడండి, దగ్గరికి పోయి కంటి ఎత్తులో పెట్టుకుని చూసే ధైర్యం అసలు చేయొద్దు.

ఎక్కడ ఎగరేయాలి అనేది మన దగ్గర పెద్ద తలనొప్పి. రేణిగుంట ఎయిర్‌పోర్ట్ ఉంది, తిరుమల కొండ మీద సంగతి చెప్పక్కర్లేదు, అటువైపు ఆలోచన కూడా వద్దు. ప్రభుత్వం వాళ్ల డ్రోన్ మ్యాప్ డిజిటల్ స్కైలో గ్రీన్ జోన్ చూసుకుని పొలం ఆయన్ని అడిగి పోండి. స్వర్ణముఖి ఇసుక చూడటానికి మంచి గ్రౌండ్‌లా ఉంటుంది కానీ బ్లేడ్ల గాలికి లేచిన ఇసుక బేరింగుల్లో, కార్బొరేటర్‌లో దూరుతుంది. చెనిక్కాయలు పీకేసిన చేను బాగుంటుంది, కాకపోతే ముందురోజు ఎవరన్నా నీళ్లు చల్లితే ఇంకా బాగుంటుంది. పొద్దున 6కి మొదలుపెట్టి 8 దాటకముందే సర్దేయండి, ఆ తర్వాత ఎండా గాలీ రెండూ మొదలవుతాయి. తిరుపతిలో సెట్ చేసిన నిడిల్‌తోనే మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు పోయి ఎగరేస్తే ఇంజన్ రిచ్‌గా (ఫ్యూయెల్ ఎక్కువై) ఉండి పొగ కక్కుతుంది, ఎత్తులో గాలి పలచన కదా, కొంచెం బిగించుకోవాలి, కిందకి దిగినాక మళ్లీ విప్పడం మర్చిపోవద్దు.

గుండ్రం గీయడానికి నేను మొదట ముగ్గుపిండి తీసుకుపోయినా. హెలి లేచిన రెండో సెకండ్‌కి గుండ్రం లేదు, నా ప్యాంటు తెల్లగా ఉంది. ఇప్పుడు తెల్ల నైలాన్ తాడు, నాలుగు మేకులు, అంతే. జెండాలకి బదులు వెదురు పుల్లకి పాత చీర గుడ్డ ముక్క కట్టినా.

ప్రాక్టీస్ ఎట్లా అంటే మొదటి నెల లూప్ గీప్ ఏం వద్దు. కంటి ఎత్తులో, దాదాపు 2 మీటర్లలో, గుండ్రం మీద నిలబెట్టి 2 సెకండ్లు, ఎడమ జెండా, 2 సెకండ్లు, మళ్లీ మధ్య, కుడి. తోక మన వైపు ఉంటే అందరికీ వస్తుంది, ముక్కు మన వైపు తిప్పినాక చేతులు తడబడతాయి, కాబట్టి ఒక ట్యాంకు మొత్తం ముక్కు మన వైపే పెట్టి ఎగరేయండి. ఫోన్‌ని ట్రైపాడ్ మీద మీ వెనకాల, జడ్జి కూర్చునే చోట పెట్టి రికార్డ్ చేయండి, మనం కదల్లేదు అనుకున్న హెలి వీడియోలో బారెడు జరిగి కనిపిస్తుంది, సిగ్గేస్తుంది.

తర్వాత ఫ్లైట్. స్టాల్ టర్న్‌లో నిలువుగా పైకి పోతున్నప్పుడు పిచ్ సున్నాకి తేవాలి, కొంచెం పాజిటివ్ మిగిలినా హెలి నిలువు గీతలోంచి తప్పి వీపు వైపు జరిగిపోతుంది, ఇది జడ్జికి ఇట్టే దొరికిపోతుంది. లూప్‌లో పైన పిచ్ తగ్గించకపోతే గుండ్రం బదులు కోడిగుడ్డు వస్తుంది. రోల్‌లో తలకిందులైనప్పుడు నెగటివ్ పిచ్ ఇవ్వాలి, లేకుంటే ఎత్తు పోతుంది. బరువు ప్యాడిల్స్ వేసినాం కాబట్టి రోల్ నిదానంగా తిరుగుతుంది, దానికి తగ్గట్టు స్టిక్ ముందే మొదలుపెట్టాలి, రెండు మూడు ట్యాంకులకి చేయి అలవాటు పడుతుంది.

ఆటోరొటేషన్‌కి ముందు వన్‌వే బేరింగ్ (ఇంజన్ ఆగినా రోటర్‌ని తిరగనిచ్చేది) కడిగి కొత్త గ్రీజు పెట్టండి, ఎండిపోయిన గ్రీజు ఉంటే రోటర్ స్వేచ్ఛగా తిరగదు. హోల్డ్ కొట్టి, నెగటివ్ పిచ్‌తో దిగుతా రోటర్ స్పీడ్ నిలబెట్టుకుని, కింద ముక్కు ఎత్తి వేగం చంపి, చివరి అడుగులో ఉన్న పిచ్ అంతా వాడేయాలి. మొదట గుండ్రం గురించి పట్టించుకోవద్దు, చేనులో ఎక్కడ దిగినా పర్లేదు, స్కిడ్లు విరక్కుండా వరసగా పదిసార్లు దిగినాక అప్పుడు తాడు పరుచుకోండి.