పూతరేకులు వాట్సాప్‌లో అమ్మాలంటే ఎలా?

మాది ఆత్రేయపురం దగ్గరండి. మా ఇంటి రేకులు ఎక్కువ భాగం వాట్సాప్ మీదే పోతాయి, చుట్టుపక్కల చాలా ఇళ్లవాళ్లకి నేనే ఫోన్‌లో సెట్ చేసిచ్చాను, అయినా అందరూ ఒకేచోట పాడుచేసుకుంటున్నారు, అందుకే రాస్తున్నా.

ఓ మాదిరి ఫోను, వ్యాపారానికి వేరే సిమ్ము ఉంటే చాలు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. పేరు, అడ్రసు పెట్టి కేటలాగ్‌లో బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్ అని రకానికో ఫోటో ఎక్కించండి, రేటు తప్పకుండా రాయండి. రేటు లేకపోతే అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతారు.

వీడియో పొద్దున వెలుతురులోనే తియ్యాలి. బోర్లించిన కుండ కాలాక పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ ఇలా వేసి అలా లాగగానే పొర ఆరిపోయి అంచు లేస్తుంది చూడండి, ఫోను ఆ అంచు దగ్గర పెట్టి 20 సెకన్లు తియ్యండి. సినిమా పాట పెట్టొద్దు, గుడ్డ తగిలినప్పుడొచ్చే సుయ్‌మనే చప్పుడు వినిపించాలి. అదే రీల్, అదే స్టేటస్.

ఇక అసలు సంగతి, బ్రాడ్‌కాస్ట్ లిస్టు, అంటే ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా వెళ్లే ఏర్పాటు. ఒక్కో లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు, కానీ మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళ్తుంది. మీరు వాళ్లది సేవ్ చేసుకుంటే సరిపోదండి! మొదటి సంక్రాంతికి నేనూ అలాగే పంపేసి ఎవరూ పలకట్లేదేంటా అని బాధపడ్డాను, తీరా చూస్తే సగంమందికి చేరనేలేదు. అందుకని డబ్బు తీసుకునేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి, పండక్కి రేట్లు పంపుతాం, పంపమంటారా?" అని అడిగి, వాళ్లు సేవ్ చేసేదాకా ఆగండి. డబ్బా మీద మీ వాట్సాప్ క్యూఆర్ కోడ్ స్టిక్కర్ కూడా అంటించండి.

గ్రూపు మాత్రం పెట్టొద్దు. ఆడవాళ్ల నంబర్లు ఊరందరికీ కనిపిస్తాయి, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు మెసేజ్ పెడితే ఆ కోపం మీ మీదే. రోజూ గుడ్‌మార్నింగులు కూడా వద్దు, విసుగొచ్చి నలుగురు రిపోర్ట్ కొడితే నంబరే బ్యాన్ అయిపోవచ్చు, ఏళ్ల తరబడి పోగేసుకున్న కస్టమర్లంతా ఒక్క పూటలో పోతారు. నెలకి రెండుసార్లు, పండగలకి, పెళ్లిళ్ల సీజన్‌కి. అంతే.

పేజీకి లైకులు తెప్పిస్తామని డబ్బు తీసుకునేవాళ్లున్నారు, మా బంధువులొకరు అలా ఇచ్చారు, లైకులొచ్చాయిగానీ ఎక్కడెక్కడివాళ్లో, ఒక్క డబ్బా కదల్లేదు. ఆ డబ్బుతో పాత కస్టమర్లకి రెండేసి రేకులు ఎక్కువ వెయ్యండి, వాళ్లే పదిమందికి చెప్తారు. 2023లో మన రేకులకి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే అధికారిక గుర్తింపు) వచ్చింది కదా అని ఆ లోగో ఊరికే డబ్బా మీద అచ్చేసుకోకండి, అధీకృత వాడకందారుగా నమోదు చేయించుకున్నాకే.

బయటూరు ఆర్డర్లకి ముందే యూపీఐలో డబ్బు వేయించుకోండి. ప్యాక్ చేశాక మూత పెట్టేముందు ఒక ఫోటో తీసి కస్టమర్‌కి పంపండి, దారిలో విరిగాయని ఫోనొస్తే అది చూసుకుని మాట్లాడొచ్చు.