స్విచ్‌లో ఎల్‌ఈడీ మారుస్తున్నారా? లెక్క 12తో వేయకండి

కారు పవర్ విండో స్విచ్‌లో ఆరిపోయిన చిన్న లైటు మార్చడం గంటలో అయ్యే పని. చాలామంది ఎల్‌ఈడీ రంగు ఎంచుకోవడానికి నాలుగు రోజులు తీసుకుంటారు, కరెంటును అదుపులో ఉంచే రెసిస్టర్ మాత్రం షాపువాడు చేతిలో పెట్టింది తెచ్చుకుంటారు. కారు ఎండలో నిలబెట్టుకునే హైదరాబాద్‌వాళ్లకు ఆ నిర్లక్ష్యం ఏప్రిల్, మే నెలల్లో బయటపడుతుంది.

నా తప్పే ముందు చెబుతాను. పాత కారు డ్రైవర్ డోర్ స్విచ్‌లో ఎర్ర ఎల్‌ఈడీ పోతే తెల్లది వేద్దామనుకున్నా. బ్యాటరీ 12 వోల్టులు, తెల్ల ఎల్‌ఈడీ తీసుకునేది 3.2, మిగిలింది 8.8. దాన్ని 20 మిల్లీ యాంపియర్లతో భాగిస్తే 440 ఓమ్‌లు. పాత రెసిస్టర్ తీసేసి, దగ్గర్లో దొరికే 470 ఓమ్‌లది, పావు వాటుది, వేసి మూసేశా. ఎండాకాలం దాటాక విప్పి చూస్తే రెసిస్టర్ మీది రంగు గీతలు మాడి ఏది పసుపో ఏది గోధుమో తెలియలేదు. కింద బోర్డు టీ మరకలా గోధుమ రంగుకు తిరిగింది. ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటోంది.

భాగహారం సరిగ్గానే చేశాను, 12 అన్న అంకె దగ్గరే తప్పాను. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వల్ల లైన్లో 14.4 వోల్టుల దాకా వస్తుంది. అప్పుడు ఆ 470 గుండా పోయేది దాదాపు 24 మిల్లీ యాంపియర్లు, అంటే నేను అనుకున్న 20 దాటినట్టే. రెసిస్టర్ మీద 0.27 వాట్ల వేడి. పావు వాటు రెసిస్టర్ మోసేది 0.25, అదీ చుట్టూ 70 డిగ్రీలు దాటనంతవరకే. ఎండలో ఉన్న కారు డోర్ ప్యానెల్ లోపల, గాలి ఆడని స్విచ్ డబ్బాలో, దానికి ఊపిరి ఎక్కడిది?

కాబట్టి లెక్క 14.4తో వేయండి. 20 మిల్లీ యాంపియర్లు చిన్న ఎల్‌ఈడీలకు మామూలుగా చెప్పే పై అంకె, స్విచ్‌కి కావాల్సింది కాదు. 10 చాలు, ఇప్పటి తెల్లవాటికి అదీ ఎక్కువే. 14.4 లోంచి 3.2 తీస్తే 11.2, దాన్ని 0.010తో భాగిస్తే 1120 ఓమ్‌లు. షాపులో దొరికేవాటిలో ఆపై విలువ, 1.2 కిలో ఓమ్, తీసుకోండి. వేడి 0.1 వాటు దగ్గరే ఆగుతుంది. ఎరుపు, పసుపు ఎల్‌ఈడీలు 2 వోల్టులే తీసుకుంటాయి కాబట్టి వాటికి 1.5 కిలో ఓమ్ వేయండి.

ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే కోఠి గుజరాతీ గల్లీలో కొంటే ఇంటికొచ్చాక ప్రతి రెసిస్టర్‌నూ మల్టీమీటర్‌తో కొలవండి. 1.2 కిలో ఓమ్‌కి గీతలు గోధుమ, ఎరుపు, ఎరుపు. 120 ఓమ్‌కి గోధుమ, ఎరుపు, గోధుమ. ట్యూబ్‌లైటు కింద రెండూ ఒకేలా కనిపిస్తాయి. పొరపాటున 120 వేస్తే 90 మిల్లీ యాంపియర్లు దాటుతాయి, ఎల్‌ఈడీ ఒక్కసారి తళుక్కుమని పోతుంది.

విప్పాక లోపల ముందు ఏముందో చూడండి. పాతది బల్బయితే దానికి రెసిస్టర్ ఉండదు, మీరే వేయాలి. పాతది ఎల్‌ఈడీ అయితే పక్కనే నల్లటి చిన్న చిప్ రెసిస్టర్ ఉంటుంది. మీద 681 అని ఉంటే 680 ఓమ్‌లు, 102 అంటే 1 కిలో ఓమ్. ఎరుపు తీసి తెలుపు వేస్తే అదే రెసిస్టర్‌తో కరెంటు కాస్త తగ్గుతుంది, భయం లేదు. తెలుపు తీసి ఎరుపు వేస్తే పెరుగుతుంది, లెక్క చూసుకోవాలి. 12 వోల్టుల ఎల్‌ఈడీ అని అమ్మేవాటిలో రెసిస్టర్ లోపలే ఉంటుంది, మళ్లీ వేయక్కర్లేదు.

రెండు మూడు ఎల్‌ఈడీలను పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపి అన్నిటికీ ఒకే రెసిస్టర్ పెట్టొద్దు. దేనికది వేయండి. లేదంటే ఒకటి ఎక్కువ లాక్కుని ముందు పోతుంది, దాని వెనకే మిగతావి. బల్బుకి లేని పేచీ ఎల్‌ఈడీకి ఉంది, ప్లస్ మైనస్ తిరగబడకూడదు. చాలా రకాల ఎల్‌ఈడీలు తిరగబడ్డ వోల్టేజీని 5 వోల్టుల వరకే ఓర్చుకుంటాయి.

షాపులో ఎవరైనా 'క్యాన్‌బస్ రెసిస్టర్' అని బంగారు రంగు లోహపు తొడుగున్న 6 ఓమ్‌ల దిమ్మ ఇస్తే దండం పెట్టి వచ్చేయండి. అది బయటి ఇండికేటర్లలో బల్బు తీసి ఎల్‌ఈడీ వేసినప్పుడు పెట్టేది. స్విచ్ వెనక పెడితే 35 వాట్ల దాకా కాగుతుంది, ప్లాస్టిక్ కరిగిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసి పది నిమిషాలు ఆగండి. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని ముట్టుకోవద్దు. స్టీరింగ్ మీది స్విచ్‌లకు మాత్రం నేను వద్దంటాను, మెకానిక్‌కి ఇచ్చేయండి.

ఇక వెలుతురు సంగతి. పగలు టేబుల్ మీద బాగుందనిపించింది రాత్రి శంషాబాద్ వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద మోకాలి పక్కన టార్చిలా గుచ్చుతుంది. అందుకే 1 కిలో ఓమ్ రెసిస్టర్‌కి వరుసలో 10 కిలో ఓమ్ పొటెన్షియోమీటర్ (తిప్పితే ఓమ్‌లు మారేది) కలిపి, బ్యాటరీ మళ్లీ తగిలించి, చీకటి పడ్డాక సీట్లో కూర్చుని తిప్పి చూడండి. ఆ 1 కిలో ఓమ్ లేకపోతే పొటెన్షియోమీటర్ చివరిదాకా తిరిగినప్పుడు ఎల్‌ఈడీ కాలిపోతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండాలి కాబట్టి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేయొద్దు, పొగ నిలుస్తుంది. కారు బయటికి తీయండి. కంటికి హాయిగా అనిపించిన చోట ఆపి, వైరు విప్పి రెండూ కలిపి కొలిచి, ఆపై విలువ వేసుకోండి. నా స్విచ్‌కి మీటర్ 4.3 చూపించింది, 4.7 కిలో ఓమ్ వేశాను. 470కి సరిగ్గా పదింతలు.