తెలుగు డైలాగుకు నోరు కలవడం లేదా? లిప్ సింక్ సమస్యలు - పరిష్కారాలు

యానిమేషన్‌లో లిప్ సింక్ (పాత్ర నోటి కదలికను మాటతో కలపడం) నేర్చుకునేవారికి దొరికే నోటి ఆకృతుల పటాలు చాలావరకు ఇంగ్లీషు ధ్వనుల కోసం గీసినవి. వాటితో తెలుగు డైలాగు చేయడానికి అడ్డేమీ లేదు. అయితే స్క్రిప్టులోని అక్షరాలు చూసి కాకుండా, మాట పలికేటప్పుడు పెదవులు ఏం చేస్తున్నాయో చూసి చేయాలి. కింది లెక్కలు సెకనుకు 24 ఫ్రేముల (బొమ్మల) చొప్పున వేసినవి.

సమస్య: నోరు ఆగకుండా కొట్టుకుంటోంది

మాట వినిపిస్తుంటుంది, పాత్ర మాత్రం ఒడ్డున పడ్డ చేపలా నోరు ఆడిస్తుంటుంది. ప్రతి అక్షరానికీ ఒక ఆకృతి పెట్టడమే దీనికి కారణం. మామూలు వేగంతో మాట్లాడితే ఒక్కో అక్షరానికి దక్కేది 4 ఫ్రేములకు అటూ ఇటూ. అంతలో హల్లుకొకటి, అచ్చుకొకటి చూపిస్తే కన్ను తట్టుకోలేదు.

అద్దం ముందు ‘కదలదు’ అని చూడండి. మొదటి మూడు అక్షరాలకు పెదవులు దాదాపు ఒకేలా ఉంటాయి, చివరి ‘దు’ దగ్గర మాత్రం కాస్త గుండ్రమవుతాయి. క, గ, ట, త, న, ల లాంటి హల్లుల పనంతా నాలుకది. పెదవులు వాటి పక్కనున్న అచ్చును అనుసరిస్తాయి. ‘కూర’ అనేటప్పుడు ‘క’ వినిపించక ముందే పెదవులు సున్నా చుట్టేస్తాయి. అందుకే ముందు పెదవులు మూసుకునే చోట్లు గుర్తించండి, తర్వాత ఆ, ఈ, ఓ లాంటి దీర్ఘాలు. ఈ రెండూ కుదిరాక మధ్యలో నింపాల్సింది చాలా తక్కువే.

సమస్య: ఆకృతులన్నీ ఉన్నాయి, అయినా మాట నమ్మబుద్ధి కావడం లేదు

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముందు సరిచేయాల్సింది ఇదే. ప, బ, మ దగ్గర పెదవులు ఒక్క ఫ్రేము మాత్రమే మూసుకుంటే చూసేవారికి అది అందదు. కనీసం 2 ఫ్రేములు ఉంచాలి. చోటు చాలకపోతే ముందున్న అచ్చు నుంచి ఒక ఫ్రేము తీసుకోండి, తర్వాతి అచ్చును ముట్టుకోవద్దు. నోరు తెరుచుకునే క్షణం ధ్వనితో కలిస్తేనే మాట పట్టుబడుతుంది.

తెలుగులో దీనికి ఒత్తులు తోడవుతాయి. ‘అమ్మా, పప్పులో ఉప్పు మరిచావా?’ అన్న వాక్యంలో పెదవులు ఐదుసార్లు మూసుకోవాలి. ‘మ్మ’, రెండు ‘ప్పు’ల దగ్గర 4 ఫ్రేముల దాకా మూసే ఉంచండి. ‘ప’, ‘మ’లకు 2 చాలు. అన్నిటికీ ఒకే కొలత వేస్తే మాట చప్పబడిపోతుంది. ‘ప్పు’ దగ్గర మూసిన పెదవులే కాస్త ముందుకు రావాలి, ఎందుకంటే వెనుక ‘ఉ’ ఉంది. చివరి ‘వా’కు పెదవులు మూయకూడదు. కింది పెదవి పై పళ్ల దగ్గరకు వచ్చి తెరుచుకుంటే సరిపోతుంది.

సమస్య: సున్నా దగ్గర తప్పుతోంది

సున్నా కనిపించిన ప్రతిచోటా ‘మ’ ఆకృతి పెట్టేస్తుంటారు. ‘సంపంగి’లో మొదటి సున్నాకు పెదవులు మూసుకుంటాయి, రెండోదానికి మూసుకోవు. సున్నా తర్వాత ప, బ, మ వచ్చినా, ‘పుస్తకం’లా మాట సున్నాతో ఆగిపోయినా మూయండి. ఆగకుండా పలికే పదాల మధ్య కూడా తర్వాతి అక్షరాన్నే చూడండి: ‘ఏం పేరు’లో మూసుకుంటాయి, గబగబా అన్న ‘ఏం చేస్తున్నావు’లో మూసుకోవు.

సమస్య: నోరు ధ్వని కంటే వెనకబడుతోంది

తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉందా, పెరుగుతోందా చూడండి. ఒకేలా ఉంటే ముందు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసి, తీగ ఉన్నవి పెట్టుకోండి. బ్లూటూత్‌లో ధ్వని ఆలస్యంగా చేరుతుంది. దాన్ని వింటూ పెట్టిన నోరు మరో చోట ఆడించినప్పుడు వెనకబడి కనిపిస్తుంది. అది కారణం కాకపోతే నోటి ఫ్రేములన్నిటినీ కలిపి 1 లేదా 2 ఫ్రేములు ముందే వచ్చేలా జరపండి. నోరు కాస్త ముందుంటే కన్ను ఒప్పుకుంటుంది, వెనకబడితే ఒప్పుకోదు.

తేడా పెరుగుతూ పోతే ఫ్రేము రేటు కలవలేదన్నమాట. మన టీవీ ప్రమాణం 25, సినిమాకు 24. 25లో చేసిన సన్నివేశాన్ని 24లో రెండర్ చేస్తే (చివరి వీడియోగా తీస్తే) నోరు సెకనుకో ఫ్రేము చొప్పున వెనక్కి జారుతుంది. పని మొదలుపెట్టక ముందే రేటు ఖరారు చేసుకోండి. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఆడించి చూసేటప్పుడు మాత్రమే జారుతుంటే, ప్లేబ్యాక్ మెనూలో సింక్ అమరికను ఆడియోకు మార్చండి.

సమస్య: ఆటోమేటిక్ సాధనం ఇచ్చిన ఫలితం గందరగోళంగా ఉంది

ఆడియో నుంచి నోటి ఆకృతులు తీసే రూబార్బ్ లాంటి ఉచిత సాధనం మామూలుగా ఇంగ్లీషు మాటల కోసం వెతుకుతుంది. తెలుగు ఆడియో ఇచ్చేటప్పుడు దాన్ని ఫొనెటిక్ పద్ధతికి, అంటే మాటలు కాక ధ్వనులు గుర్తించే పద్ధతికి, మార్చాలి. ఆ తర్వాత కూడా ప, బ, మలను చేత్తో సరిచూసుకోండి, ముఖ్యంగా ఒత్తుల దగ్గర.