వేసవిలో కారు బ్యాటరీ: ముందు నీటిమట్టం చూడండి

ఇటీవల మా కాలనీలో స్టార్ట్ కాని కారుకు మరో కారు నుంచి కేబుళ్లు తగిలించి తాళం తిప్పగానే బ్యాటరీ పగిలి, పక్కన వంగి చూస్తున్న డ్రైవరు ముఖం మీద యాసిడ్ చిమ్మింది. పగలకుండా మిగిలిన వైపు మూతలు విప్పితే, గదుల్లో నీరు తగ్గి సీసపు ప్లేట్లు పైకి తేలి, అంచులు తెల్లబడి కనిపించాయి.

అందుకే ఎండలు ముదరకముందే చూసుకోవలసిన నీటిమట్టం గురించి ముందుగా రాస్తున్నాను. చార్జింగ్ జరిగేటప్పుడు బ్యాటరీలోని నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో బానెట్ కింద ఆ నీరు మరింత త్వరగా తగ్గుతుంది. తేలిన ప్లేటు భాగం మళ్లీ పనికిరాదు సరికదా, నీరు తగ్గిన మేర పైన వాయువు చేరుతుంది కనుక చిన్న నిప్పురవ్వ చాలు, బ్యాటరీ పేలిపోతుంది.

తగ్గేది నీరే కాబట్టి పోయవలసింది డిస్టిల్డ్ వాటరే. యాసిడ్ పోస్తే బ్యాటరీకి బలం వస్తుందన్న మాటను, అది మెకానిక్ చెప్పినా, నమ్మవద్దు. గాఢత పెరిగిన యాసిడ్ ప్లేట్లను ఇంకా త్వరగా తినేస్తుంది. బోరు నీళ్లు, మినరల్ వాటర్ వద్దు. ఏసీ నుంచి కారిన నీళ్లు చూడటానికి తేటగా ఉన్నా కాయిల్ మీది మురికిని మోసుకొస్తాయి.

ప్లేట్లు తేలి ఉంటే అవి మునిగేంత వరకే పోసి, చార్జింగ్ పూర్తయ్యాక బ్యాటరీ మీది పై గుర్తు వరకు నింపండి. తరచూ నీరు పోయవలసి వస్తుంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వోల్టేజీని మెకానిక్‌కు చూపించండి; అది 15 వోల్టులు దాటితే నీరు తగ్గడానికి కారణం అదేనని అర్థం.

కొన్ని గంటలు ఆగి ఉన్న బ్యాటరీ 12.4 వోల్టుల కంటే తక్కువ చూపితే వెంటనే చార్జ్ చేయించండి. అయిదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే చార్జ్ అయిపోయిందనుకోవద్దు. బ్యాటరీ వైర్లు విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఉంగరం, గడియారం తీసేయండి. నీటిమట్టం చూడకుండా జంప్ స్టార్ట్ (మరో కారు బ్యాటరీ నుంచి కేబుళ్లతో స్టార్ట్) చేయవద్దు. మూతలు లేని బ్యాటరీ పైన స్థితిని చూపే చిన్న గాజు కిటికీ తెల్లబడితే జంప్ స్టార్ట్ అసలే చేయవద్దు, బ్యాటరీ మార్చేయండి. చివరి నెగటివ్ క్లిప్పును ఆగిపోయిన కారు బ్యాటరీకి కాదు, దానికి దూరంగా అదే కారు ఇంజిన్ లోహానికి తగిలించండి. దగ్గర సిగరెట్ వద్దు. మొహం దూరంగా పెట్టండి. చీకట్లో అగ్గిపుల్ల గీసి నీటిమట్టం చూడవద్దు, టార్చి వాడండి. కంట్లో యాసిడ్ పడితే రుద్దకుండా కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి.