ఇంటి మీద హామ్ రేడియో టవర్ లేపే ముందు

అమెచ్యూర్ రేడియో పరీక్ష పాసై, వీయూ3తోనో వీయూ2తోనో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) చేతికి రాగానే హామ్‌లకు, అంటే సరదాగా సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్లకు, పుట్టే మొదటి కోరిక ఆంటెన్నాను ఇంకాస్త పైకి లేపాలని. లైసెన్సు వచ్చింది కదా, టవర్‌కి కూడా పర్మిషన్ వచ్చినట్టే అని చాలామంది అనుకుంటారు. ఢిల్లీలో కేంద్ర టెలికం శాఖ కింద ఉన్న డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్సు మీ స్టేషన్ నుంచి సిగ్నల్ పంపడానికి. మేడ మీద ఇనుము నిలబెట్టడం వేరే వ్యవహారం, అందులో ఒక్కొక్కరు ఒక్కో ముక్క చూస్తారు. విమానాశ్రయం వాళ్లకు ఎత్తుతో పని, మున్సిపాలిటీకి కట్టడంతో, డిస్కమ్‌కి (కరెంటు సరఫరా సంస్థకి) తీగల దూరంతో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి డాబాతో. అన్నీ కలిపి చూసే ఆఫీసు ఎక్కడా లేదు. ఆ పని మీదే.

అందుకే ఏ ఫారమ్ నింపేముందైనా ఒక కాగితం మీద మీ ఇంటి ప్లాన్ గీసి, మాస్ట్ (ఆంటెన్నాను మోసే స్తంభం) నిలబెట్టే చోట చుక్క పెట్టండి. టవర్ ఎత్తుకు పైన ఆంటెన్నా సగం పొడవు కలిపి, అంత వ్యాసార్థంతో ఒక వృత్తం గీయండి. ఇది పడితే ఎక్కడ పడుతుంది అన్నదానికి ఆ వృత్తమే జవాబు. అందులో పక్కింటి రేకుల షెడ్డు ఉందా, వీధి ఉందా, కరెంటు తీగ ఉందా? మిగతా రూల్స్‌లో సగం ఈ బొమ్మలోనే తేలిపోతాయి.

కరెంటు తీగ ఆ వృత్తంలో ఉంటే ఆ చోటు వదిలేయండి. ఇందులో బేరం లేదు. తీగ నుంచి కనీసం టవర్ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరం ఉంచుకోవడం మంచి అలవాటు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లో భవనానికీ 11 కేవీ లైనుకీ మధ్య అడ్డంగా 1.2 మీటర్లు, 33 కేవీ దాకా 2 మీటర్లు ఉండాలని ఉంటుంది. ఆ లెక్క చూసి ధైర్యపడొద్దు. అది కదలకుండా నిలబడే గోడల కోసం రాసింది. మీరు లేపేది ఊగుతుంది, జారుతుంది, నలుగురి చేతుల్లోంచి తప్పుకుంటుంది. ఇంటి ఆంటెన్నా పనుల్లో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాగే: అల్యూమినియం పైపు నిలబెడుతుండగా అది ఒరిగి తీగకు తగులుతుంది, పట్టుకున్నవాళ్లందరికీ ఒకేసారి షాక్ కొడుతుంది. టవర్ లేకుండా డైపోల్ (వైరుతో చేసే సాదా ఆంటెన్నా) ఒక్కటి చెట్టు మీదకి విసిరినా ఇదే ప్రమాదం. 11 కేవీ తీగకు మామూలుగా పైన తొడుగు ఉండదు, పక్షి వాలింది కదా అని భ్రమపడొద్దు. దగ్గర్లో లైను ఉండి పని తప్పదంటే లైన్‌మన్‌తో నోటిమాటగా సరిపెట్టకుండా, సెక్షన్ ఆఫీసులో రాసిచ్చి, ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని సరఫరా ఆగిందని తేలాకే మొదలుపెట్టండి.

ఇక ఎత్తు. పౌర విమానయాన శాఖ 2015లో తెచ్చిన ఎత్తు పరిమితుల నిబంధనలు భవనాలతో పాటు మాస్ట్‌లకూ వర్తిస్తాయి. విమానాశ్రయం చుట్టూ రంగుల మ్యాప్ ఉంటుంది. ఎరుపు గడిలో ఉంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి నోకాస్ పోర్టల్‌లో ఎన్‌ఓసీ తీసుకోవాలి, మిగతా రంగుల్లో గడికి రాసిన ఎత్తు లోపల ఉంటే స్థానిక సంస్థే చూసుకుంటుంది. మ్యాప్‌లో అంకె సముద్రమట్టం నుంచి లెక్క. హైదరాబాద్ నేలే దాదాపు 500 మీటర్ల పైన ఉంది. మీ గడిలో 600 అని కనిపించి, మీ స్థలం 540 మీటర్ల దగ్గర ఉంటే మీకు మిగిలింది 60 మీటర్లే, అందులో ఇల్లు, వాటర్ ట్యాంకు, మాస్ట్, ఆంటెన్నా కొస దాకా అన్నీ ఇమడాలి. మామూలు ఇంటి మీద 12 మీటర్ల మాస్ట్‌కి ఇది చాలావరకు సరిపోతుంది, కానీ రన్‌వేకి ఎదురుగా ఉన్న కాలనీల్లో సరిపోదు. శంషాబాద్ ఒక్కటే చూసి ఆగిపోవద్దు. బేగంపేట, హకీంపేట, దుండిగల్‌లో వైమానిక దళం, విశాఖలో నౌకాదళం ఉన్నాయి. రక్షణ శాఖ విమానాశ్రయాల దగ్గర ఎన్‌ఓసీ ఆ శాఖ వాళ్లే ఇవ్వాలి. అక్షాంశ రేఖాంశాలు, నేల ఎత్తు ఫోన్ యాప్‌లో చూసి వేయకుండా సర్వేయర్‌తో సర్టిఫికెట్ చేయించండి.

దీనికి తోడు సాక్ఫా అనే కమిటీ ఉంది. కొత్త మాస్ట్ వల్ల విమానాలకు గానీ, ఉన్న వైర్‌లెస్ లింకులకు గానీ అడ్డు వస్తుందా అని చూసేది అదే. మీరు వేసే ఎత్తుకు ఆ క్లియరెన్స్ కావాలా అన్నది ఇనుము కొనకముందే డబ్ల్యూపీసీని రాతపూర్వకంగా అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకోండి. ఇల్లు మారితే స్టేషన్ చిరునామా కూడా వాళ్లకు చెప్పాలి. అద్దె ఇళ్ల హామ్‌లు మరిచిపోయేది ఇదే.

మున్సిపాలిటీలో ఇంజినీరింగ్ సెక్షన్‌కి వెళ్లి టవర్ అనగానే సెల్ టవర్ కాగితాలు ముందు పెడతారు. అవి టెలికం కంపెనీల కోసం చేసిన నిబంధనలు. మీది వ్యక్తిగత అమెచ్యూర్ స్టేషన్ అని లైసెన్సు చూపించి, స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకంతో డ్రాయింగ్ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అపార్ట్‌మెంట్ అయితే కథ ఇంకోలా ఉంటుంది. పై అంతస్తు ఫ్లాట్ మీదే అయినా డాబా అందరి ఉమ్మడి ఆస్తి. ప్రెసిడెంట్‌ గారు "కానివ్వండి బాబూ" అంటే సరిపోదు, వచ్చే ఏడాది ప్రెసిడెంట్ మారతాడు. జనరల్ బాడీలో తీర్మానం చేయించి మినిట్స్ కాపీ తీసుకోండి. ఆ తీర్మానంలో స్లాబు లీకైతే ఎవరు బాగుచేయించాలి, పెయింటింగ్ వేసేటప్పుడు గై వైర్లు (మాస్ట్ ఒరగకుండా లాగి కట్టే తీగలు) ఎవరు విప్పాలి లాంటివి కూడా రాయిస్తే తర్వాత గొడవ ఉండదు. గై వైరు పక్కవాళ్ల గోడకు కట్టొద్దు, వాళ్ల స్థలం మీదుగా పోనివ్వొద్దు, ఎంత స్నేహం ఉన్నా సరే.

గాలి గురించి హామ్‌లు తక్కువ అంచనా వేస్తారని నా అభిప్రాయం. కట్టడాల మీద పడే భారాల గురించిన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైన్‌కి తీసుకోవాల్సిన మూల గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు, విశాఖకు 50 మీటర్లు. అంటే గంటకు సుమారు 158, 180 కిలోమీటర్లు. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. హైదరాబాద్‌లో నిలిచిన మాస్ట్ డ్రాయింగ్‌నే భీమిలిలో వాడితే గాలి తోపు దాదాపు 30 శాతం పెరుగుతుంది. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న విశాఖను తాకినప్పుడు ఇంతకన్నా పెద్ద కట్టడాలే కూలాయి. ఫోన్లు పడిపోయిన అలాంటి రోజునే హామ్ అవసరం పడతాడు, మాస్ట్ పడిపోతే అతనూ మూగే.

గై వైర్లు మూడు వైపులా, సమాన కోణాల్లో వేయండి. యాంకర్, అంటే గై వైరు కింది కొసను బిగించే చోటు, మాస్ట్ మొదలు నుంచి ఎత్తులో కనీసం 60 శాతం దూరంలో ఉండాలి. డాబా చిన్నదైతే దానికి తగ్గట్టు మాస్ట్‌నే కురచ చేయండి. యాంకర్‌ని పిట్టగోడకు బిగించడం మనవాళ్ల పాత అలవాటు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ అది, గాలికి మాస్ట్ కన్నా ముందు అదే కింద వీధిలో పడుతుంది. పిల్లర్ తలల మీద ప్లేట్లు వేయించండి. నేల మీద టవర్ అయితే దిమ్మె పోసిన రెండో రోజే ఎత్తేయకండి, కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది. నల్లరేగడి నేలలో తడికి ఉబ్బి, ఎండకి చీలే మట్టి దాకా తవ్వి ఆగితే దిమ్మె ఒరుగుతుంది, ఇంకా కిందికి వెళ్లాలి. సముద్రం దగ్గర ఊళ్లలో హాట్ డిప్ జీఐ (కరిగిన జింకులో ముంచి పూత వేసిన ఇనుము) తప్ప వేరే పైపు వద్దు, ఉప్పుగాలికి మామూలు పూత త్వరగా పోతుంది. సంక్రాంతికి డాబా మీద గాలిపటాల పిల్లలు వెనక్కి చూడకుండా పరిగెడతారు కాబట్టి గై వైర్లకు మెడ ఎత్తు దాకా పసుపు పీవీసీ పైపు తొడగండి. కోతులున్న కాలనీల్లో నెలకోసారి టర్న్‌బకుల్స్ (గై వైర్లను బిగించే మరలు) చూసుకోక తప్పదు, కోతులు ఆ తీగల మీద ఊయలూగుతాయి.

ఎప్పుడు లేపాలి? తెలంగాణలో నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. కోస్తాలో తుఫానుల బెడద తగ్గాక, జనవరి, ఫిబ్రవరి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఎండ మాడుతుండగానే పది నిమిషాల్లో ఈదురుగాలి, పిడుగులు వచ్చేస్తాయి. పని మధ్యలో అలా దొరికిపోతే దిగడానికీ వ్యవధి ఉండదు. పుణెలోని ఐఐటీఎమ్ వాళ్ల దామిని యాప్ దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది, పని రోజున అది ఆన్‌లో ఉండాలి.

పిడుగుకు ఎర్తింగ్ ఒక్కటే కవచం అనుకోవద్దు. టవర్ కాళ్ల నుంచి స్ట్రిప్‌ని వంపులు లేకుండా గోడ బయట నుంచే తిన్నగా ఎర్త్ పిట్‌కి దించండి. ఆ పిట్‌ని ఇంటి కరెంటు ఎర్త్‌తో కలపండి. రెండూ విడివిడిగా ఉంటే పిడుగు సమయంలో వాటి మధ్య వోల్టేజీ తేడా మీ రిగ్‌ (రేడియో సెట్) గుండా దారి వెతుక్కుంటుంది. కోయాక్స్ (ఆంటెన్నా నుంచి రేడియోకి వచ్చే కేబుల్) లోపలికి వచ్చే చోట పిడుగు అరెస్టర్ పెట్టండి, ఉరుము వినబడితే మైక్ వదిలేయండి. కోయాక్స్‌ని ముందే విప్పి కిటికీ బయట ఉంచే అలవాటు చేసుకోండి. నెత్తిమీద మబ్బు ఉరుముతుండగా చేత్తో పట్టుకుని విప్పబోవడం ఇంకా ప్రమాదం.

ఎక్కడానికి కేబుల్ టీవీ కుర్రాణ్ని పిలిచి, చెప్పుల్లేకుండా నడుముకు తాడు కట్టి ఎక్కించడం మానేయాలి. ఒళ్లంతా పట్టే హార్నెస్, రెండు లాన్యార్డులు (హార్నెస్‌ను టవర్‌కి తగిలించే కొక్కేల తాళ్లు) ఉండాలి, ఎప్పుడూ ఒకటి కట్టి ఉండేలా. కింద హెల్మెట్లు, వృత్తంలోపల ఎవరూ నిలబడకూడదు.

టవర్ లేచిన మర్నాటి నుంచి వీధిలో ఎవరి టీవీ బరబరలాడినా మీ పేరే వినిపిస్తుంది. ముందే ఇంటింటికీ వెళ్లి, ఇది సెల్ టవర్ కాదని, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి (వీయూ3 వాళ్లకి) గరిష్ఠంగా 50 వాట్లే అని, రోజంతా మోగదని చెప్పండి. ఎవరికైనా ఇబ్బంది వస్తే చెక్ చేస్తానని మాటిచ్చి, నిజంగానే వెళ్లి చూడండి. ఏ సమయానికి ఏ బ్యాండ్‌లో మాట్లాడారో లాగ్‌బుక్‌లో ఉంటే ఆ ఇబ్బంది మీ వల్లనా, వాళ్ల సెట్‌టాప్ బాక్స్ ఛార్జర్ వల్లనా అన్నది తేలుతుంది. లైసెన్సు కాపీ స్టేషన్ దగ్గరే ఉంచండి, పోలీసులు వచ్చినా వైర్‌లెస్ మానిటరింగ్ స్టేషన్ వాళ్లు వచ్చినా మొదట అడిగేది అదే.

అమెరికాలో స్థిరపడిన మన హామ్‌లకు ఒక మాట. అక్కడి కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ 1985లో ఇచ్చిన పీఆర్‌బీ-1 ఉత్తర్వు ప్రకారం ఊరి పాలకమండళ్లు అమెచ్యూర్ ఆంటెన్నాలకు సమంజసమైన వీలు కల్పించాలి, కానీ అది హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) ఒప్పందాలకు వర్తించదు. డిష్ ఆంటెన్నాలను కాపాడే ఎఫ్‌సీసీ రూలు కూడా హామ్ ఆంటెన్నాలకు అక్కరకు రాదు. ఇల్లు కొనే ముందు సీసీ అండ్ ఆర్స్ (ఆ సంఘం షరతుల పత్రం) చదవండి, కొన్నాక చదివితే అటకలో డైపోల్ కట్టుకోవాల్సి వస్తుంది.

అసలు టవర్ కావాలా అని కూడా అడుగుతాను. 14 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ మొత్తం పొడవు పది మీటర్లే. తొమ్మిది మీటర్ల గొట్టం మీద ఇన్వర్టెడ్ వీగా, అంటే మధ్య భాగం పైకి, రెండు కొసలు కిందికి ఉండేలా కడితే ఖండాలు దాటి మాట్లాడొచ్చు. 144 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో స్థానిక మాటలకు డాబా మీద మూడు మీటర్ల పైపు చాలు. ముందు అదే కట్టి ఒక వానాకాలం చూడండి. అప్పటికీ టవరే కావాలనిపిస్తే, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో లాంటి చోట అనుభవజ్ఞులకు మీరు గీసిన వృత్తం చూపించి, వాళ్ల మాట విన్నాకే ఇనుముకి అడ్వాన్స్ ఇవ్వండి.