ఆఫ్‌రోడ్ ట్రయల్స్‌కు వెళ్లేవారికి జాగ్రత్తలు: తలకు దెబ్బ తగిలితే బండి దిగాల్సిందే

దీపావళి దాటి వానలు వెనక్కి తగ్గగానే ఒడిశాలోని మన కోరాపుట్, రాయగడ కొండల్లో బైకుల చప్పుడు మొదలవుతుంది. ఈ ఏడు జయపురం, రాయగడ, గుణుపురం వైపు నుంచి మన తెలుగు కుర్రాళ్లు చాలామంది రోజుల తరబడి సాగే ట్రయల్స్ పోటీలకు పేర్లు ఇచ్చి, పొట్టంగి అవతల దేవమాలి కొండ దిగువన సాధన చేస్తున్నారు. రాళ్లు, ఎక్కుళ్లు ఉన్న చిన్న దారి ముక్కలను కాలు నేలకు ఆనించకుండా బైకు మీద దాటడమే ట్రయల్స్, ఆ ఒక్కో ముక్కనూ సెక్షన్ అంటారు. రెండు వారాల కిందట ఆ సాధనలో జరిగిన ప్రమాదమే ఈ మాటలు రాయిస్తోంది. హెల్మెట్ పెట్టుకోండి, తాగి నడపకండి వంటివి ఇక్కడ రాయను. అవి ఈ ఆటలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

రాయగడకు చెందిన 24 ఏళ్ల కుర్రాడు ఎండిన గెడ్డలో నడుమెత్తు బండరాయి ఎక్కబోయి, ముందు చక్రం లేచిపోవడంతో వెల్లకిలా పడ్డాడు. కాలు ఆనిందో లేదో చూసి మార్కులు వేసే అబ్జర్వరుగా నేను సెక్షన్ పక్కనే నిలబడి ఉన్నాను. హెల్మెట్ వెనుక భాగం రాయికి తగిలిన చప్పుడు, కొబ్బరికాయ కొట్టినట్టు, స్పష్టంగా వినిపించింది. అతడు వెంటనే లేచి, బండిని తానే ఎత్తి, "ఏం కాలేదు అన్నయ్యా, బాగానే ఉన్నాను" అన్నాడు. తర్వాతి రెండు సెక్షన్లూ కాలు నేలకు ఆనించకుండా దాటాడు. సాయంత్రం సెమిలిగుడలో టీ తాగుతూ పది నిమిషాల్లో మూడుసార్లు "మన బండ్లు ఎక్కడ పెట్టాం?" అని అడిగాడు. అలసి పరధ్యానంగా ఉన్నాడనుకుని మేమందరం నవ్వాం. రాత్రి వాంతి చేసుకుంటే దారిలో తిన్న పకోడీ పడలేదనుకున్నాం. పదకొండు గంటలకు లేపితే లేవలేదు. కోరాపుట్‌లో చూపించి, అక్కడి నుంచి సుంకి ఘాట్ దిగి, సాలూరు, విజయనగరం మీదుగా విశాఖపట్నం చేర్చేసరికి తెల్లవారింది. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య చేరిన రక్తాన్ని ఆపరేషన్ చేసి తీశారు. ప్రాణం దక్కింది గాని, అతని కుడిచేయి ఇప్పటికీ యాక్సిలరేటరును పట్టి తిప్పలేకపోతోంది.

అతని హెల్మెట్ నా దగ్గరే ఉండిపోయింది. బయట వెనుకవైపు గోటితో గీసినంత గీత ఒక్కటే ఉంది. లోపలి మెత్తను ఊడదీసి చూస్తే, థర్మోకోల్ లాంటి తెల్లని పొరలో నా బొటనవేలు సరిగ్గా ఇమిడేంత గుంట పడి ఉంది. తాకిడిని తాను నలిగి మింగడమే ఆ పొర పని, ఒకసారి నలిగితే అది తిరిగి ఉబ్బదు. కాబట్టి గట్టిగా రాయికి తగిలిన హెల్మెట్‌ను, పైకి ఎంత కొత్తగా కనిపించినా, మళ్లీ వాడకూడదు. రోజుల తరబడి సాగే పోటీకి రెండో హెల్మెట్ వెంట ఉండాలి.

ముందుగా బండి సంగతి. అసలైన ట్రయల్స్ బండి 70 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, దానికి సీటనేదే దాదాపు ఉండదు. మనవాళ్లు నడిపే ఎక్స్‌పల్స్ వంటివి 150 కిలోలు దాటుతాయి కనుక, ఎక్కుతూ వెనక్కి పడేటప్పుడు బండిని ఆపాలని చూడకుండా వదిలేసి పక్కకు తప్పుకోవాలి. మణికట్టుకు తగిలించుకునే కిల్ స్విచ్ తాడు, అంటే మనిషి పడగానే ఊడి ఇంజిన్ ఆపేసే తాడు, తప్పనిసరి. ట్రయల్స్ టైర్లలో వెనుక చక్రానికి 4, 5 పీఎస్ఐ గాలి మాత్రమే ఉంచి సెక్షన్లు ఎక్కుతారు, కానీ ఆ లెక్క చూసి మామూలు ట్యూబు టైర్లలో అంత తగ్గిస్తే ట్యూబు రిమ్ము మీద జారి వాల్వు దగ్గర తెగుతుంది.

తర్వాత దారి. మన ఎర్రనేల మీద గులకలు పూసల్లా దొర్లుతాయి. మంచుకు తడిసిన రాయి ఎండ బాగా ఎక్కేదాకా ఆరదు. కోతల కాలంలో ఊరి రోడ్ల మీద వరి, చోళ్లు ఆరబోస్తారు. వాటి మీద బ్రేకు వేస్తే బండి జారుతుంది, పైగా అవి ఒక ఇంటి ఏడాది తిండి. సంత ఉన్న ఊళ్లో నడక వేగం దాటకండి.

ఇక అసలు సంగతి తల. ట్రయల్స్‌లో వేగం నడక పాటిదే కాబట్టి తలకు ఏమవుతుందిలే అనే ధీమా చాలామందిలో ఉంది. దెబ్బకు వేగమే అక్కర్లేదు. నిటారు ఎక్కుడులో వెనక్కి పడినవాడి తల, నిలువెత్తు మీద నుంచి, కింద ఎదురుచూస్తున్న రాతి మీదికే వస్తుంది. పుర్రె లోపలి రక్తనాళం చిట్లితే రక్తం కొన్నిసార్లు నెమ్మదిగా చేరుతుంది, అంతవరకూ మనిషి మామూలుగా మాట్లాడుతాడు, నడుస్తాడు, బండి కూడా నడుపుతాడు. గంటల తర్వాత ఒక్కసారిగా కూలిపోతాడు. రక్తం చేరకపోయినా, అదిరిన మెదడు కుదుటపడక ముందే రెండో దెబ్బ తగిలితే, ముఖ్యంగా చిన్న వయసువారిలో, మెదడు వాచి ప్రాణం పోయిన సందర్భాలు ఉన్నాయి. అందుకే చెబుతున్నాను, తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు బండి దిగాలి.

దిగడం ఎందుకు కష్టమో నాకు తెలుసు. స్కాట్లాండులోని ఫోర్ట్ విలియం చుట్టూ ఏటా మే నెలలో జరిగే ఆరు రోజుల ట్రయల్‌నే చూడండి. 1909లో మొదలైన ఆ పోటీలో రోజుకు దాదాపు 30 సెక్షన్లు ఉంటాయి, కొన్ని రోజుల్లో ప్రయాణం 160 కిలోమీటర్ల దాకా సాగుతుంది. కాలు ఒకసారి ఆనితే 1 మార్కు, సెక్షన్ విఫలమైతే 5 మార్కులు మీద పడతాయి, తక్కువ మార్కులవాడే గెలుస్తాడు. ఇలాంటి పోటీలో రెండో రోజు పడినవాడి ముందు ఇంకా నాలుగు రోజులు ఉంటాయి. ఆ మార్కుల లెక్క మనసులో తిరుగుతున్నవాడు తల తిరుగుతోందని చెప్పడు, దాస్తాడు. చాలాసార్లు దాయాలని కూడా ఉండదు, తనకు ఏమీ కాలేదనే నిజంగా నమ్ముతాడు, ఎందుకంటే బాగున్నానో లేదో తేల్చాల్సింది ఆ దెబ్బ తిన్న తలే. కాబట్టి ఆ నిర్ణయం పడినవాడిది కాకూడదు. పోటీకి ముందే జట్టులో ఒకరికి ఆ అధికారం ఇవ్వండి. అతను దిగమంటే దిగాలి, వాదన ఉండకూడదు.

పడినవాడు లేవగానే హెల్మెట్ వెనుక, పక్కల చూడండి. కొత్త గీత ఉంటే తలకు తగిలినట్టే. ఇది ఎన్నో సెక్షన్, పొద్దున ఏం తిన్నాం, నీ ముందు ఎవరు వెళ్లారు అని అడగండి. ఒక్క జవాబు తడబడినా బండి తాళం మీ జేబులోకి రావాలి. జవాబులన్నీ సరిగ్గా చెప్పినా, తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు బండి దిగాలి. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతుంటే నవ్వకండి. వాంతి, పెరుగుతున్న తలనొప్పి, మగత, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం, ఒకవైపు చేయి కాలు పట్టుతప్పడం, ముక్కు నుంచి గాని చెవి నుంచి గాని నీళ్లలాంటి ద్రవం కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కు ఫోన్ చేయండి. మన వైపు తలనొప్పి, వాంతులు అనగానే మలేరియా అనుకుంటారు. రక్తపరీక్ష చేయించండి, కానీ తలకు దెబ్బ తగిలిందన్న మాట డాక్టరుకు ముందు చెప్పండి. స్పృహ లేనివాడి హెల్మెట్ లాగకండి. ఊపిరి ఆడకపోతే మాత్రమే, ఒకరు మెడను కదలకుండా పట్టుకోగా మరొకరు తీయాలి. ఆస్పిరిన్, బ్రూఫెన్, డైక్లోఫినాక్ ఇవ్వకండి, రక్తస్రావం పెరగవచ్చు. నొప్పి తగ్గుతుందని ఇప్పసారా గాని జీలుగు కల్లు గాని పోయకండి. దెబ్బ తగిలినవాణ్ని తన బండి మీద తానే తిరిగి రమ్మనకండి. వెనుక సీటు మీద కూడా ఎక్కించకండి, జీపు పిలిపించండి. ఏ గుట్ట మీద ఫోను సిగ్నల్ అందుతుందో ముందురోజే చూసుకోండి. పేరు, రక్తం గ్రూపు, ఇంటి ఫోను నంబరు ఒడియాలోనూ తెలుగులోనూ రాసి జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. మరునాడు పొద్దున బాగున్నానంటే నమ్మి స్టార్ట్ లైనుకు పంపకండి, డాక్టరు ఒప్పుకోవాలి. డాక్టరు చూసి పంపినా ఆ రాత్రి ఒంటరిగా పడుకోబెట్టకండి. వంతులు వేసుకుని రెండు గంటలకోసారి లేపి పేరు అడగండి. లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, తెల్లారాక చూద్దామనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి బయలుదేరండి.